గ్రూమింగ్ నుంచి వచ్చాక మా జున్ను ఎడమ వెనక కాలు కింద పెట్టడం లేదు

ఎర్రముక్కపల్లి టైలరమ్మ (ఆదివారం రాత్రి)

మాది కడప. ముందు గదిలో మిషను పెట్టుకొని జాకెట్లు కుడతాను. మా జున్నుకు ఏడేళ్లు, మొగది. పొమేరియన్ అని చెప్పి ఇచ్చారు గానీ టీకాకు తీసుకుపోతే డాక్టరు చూసి ఇండియన్ స్పిట్జ్ అన్నాడు. మా వీధిలో మాత్రం ఇప్పటికీ పొమేరియనే. ఇన్నేళ్లలో టీకాకు తప్ప ఆసుపత్రి మెట్టు ఎక్కలేదు.

ఎండలు ముదిరాయి కదా, బొచ్చు తగ్గిస్తే చల్లగా ఉంటాడని నిన్న పొద్దున గ్రూమింగుకు ఇచ్చి వచ్చాను. షాపు పేరు చెప్పను. స్నానం, మిషను కటింగు, గోళ్లు, చెవులు అన్నీ కలిపి ఎనిమిది వందలు. ఒంటిగంటకు రమ్మన్నారు. పెళ్లి జాకెట్ల తొందరలో ఉండి నేను రెండు దాటాక పోయాను. అక్కడి పిల్లవాడు జున్నును చంకలో పెట్టుకొని తెచ్చి నా చేతికిచ్చాడు. నేనూ అట్లాగే ఎత్తుకొని ఆటో ఎక్కాను. ఇంటి గడప దగ్గర దించితే మూడు కాళ్ల మీద నిలబడ్డాడు. ఎడమ వెనక కాలు పొట్టకు కుట్టేసినట్టు పైకి మడిచి పెట్టుకున్నాడు.

షాపుకు ఫోన్ చేశాను. "ఇక్కడ బాగానే నడిచినాడు ఆంటీ" అన్నాడు. రొంత గట్టిగా అడిగితే "టేబుల్ మీంచి దించేటప్పుడు జారినాడు, పడలేదు" అన్నాడు. జారడానికీ పడడానికీ తేడా ఏందో నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు పరిస్థితి ఇది. అన్నం తింటున్నాడు. తోక ఊపుతున్నాడు. రక్తం లేదు, వాపు నా కంటికి కనిపించలేదు. మోకాలి దగ్గర పట్టుకుంటే తల తిప్పి నా చేతి వైపు చూస్తాడు, అరవడు. ఒక్కోసారి అయిదారు అడుగులు నాలుగు కాళ్లతో మామూలుగా నడిచి, మళ్లీ ఉన్నట్టుండి ఎత్తేస్తాడు. ఈ వేషం చూసి మా ఆయన "నాటకాలాడుతున్నాడు" అంటాడు.

సలహాలకు కొదవ లేదు. ఎదురింటి పెద్దాయన పుత్తూరు కట్టు వేయించమంటాడు. మందుల షాపాయన మనుషులకిచ్చే నొప్పి మాత్ర సగం చేసి ఇచ్చాడు, అది కాగితంలో చుట్టి నా మిషను సొరుగులో ఉంది, ఇంకా వేయలేదు. మా ఆడబిడ్డ నువ్వుల నూనె వేడి చేసి మర్దన చేయమంటుంది.

ఎముక విరిగిందో లేదో ఇంట్లో ఎట్లా తెలుస్తుంది? రేపటి దాకా ఆగవచ్చా? ఆ షాపుతో ఏమని మాట్లాడాలి? నాకు నిద్ర పట్టడం లేదు. వాడు మాత్రం నా కాళ్ల దగ్గర గురక పెడుతున్నాడు.

అనంతపురం, బ్రౌనీ వాళ్ల నాన్న

అక్కా, ముందు ఆ సొరుగులో మాత్ర తీసి చెత్తబుట్టలో పారేయండి. మా పాత కుక్కకు నేను ఇట్లాగే మెడికల్ షాపు మాట విని రెండు పూటలు వేశాను. మూడో రోజు తారులాగా నల్లటి విరేచనం. కడుపులో పుండ్లు పడి రక్తం పోతోందన్నారు. బతికింది గానీ పది రోజులు సెలైన్లతో ఆసుపత్రికీ ఇంటికీ తిరిగాను. మనకు తలనొప్పికి వేసుకునేవి వాటి కడుపుకు, కిడ్నీలకు పడవు.

రెండోది, టార్చి లైటు పట్టుకొని పాదం చూడండి. బ్రౌనీకి పోయినేడు గ్రూమింగు తర్వాత ఇదే కుంటుడు. కాలు విరిగిందని నేను ఏడుపు మొహం పెట్టుకొని తిరిగాను. తీరా చూస్తే ఒక గోరు మరీ లోపలికి కోసేశారు. గోరు మధ్యలో ఎర్రగా జీవం ఉంటుంది, అది తెగితే రక్తం వచ్చి ఆగిపోతుంది, మనకు కనబడదు. వాడు నాకి నాకి చీము పట్టించుకున్నాడు. మీరు రెండు వెనక పాదాలూ పక్కపక్కన పెట్టి పోల్చి చూడండి. వేళ్ల సందుల్లో మిషను కోత గానీ, పల్లేరు ముల్లు గానీ ఉందేమో. అడుగు మెత్తలు కాలి పొక్కాయేమో. ఈ ఎండల్లో మధ్యాహ్నం తారు రోడ్డు మీద పది అడుగులు నడిపించినా చాలు.

మంచి కాలుతో మొదలు పెట్టి, చివర్లో ఆ కాలు ముట్టుకోండి. ఎంత మన బిడ్డయినా నొప్పిలో కరుస్తుంది, మొహం దగ్గరగా పెట్టకండి.

నంద్యాల నుంచి

ఇందులో ఆలోచించేదేముంది? డబ్బు తీసుకొని చేసిన పనిలో లోపం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. అయిదు లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. ఆ పిల్లవాడు ఫోన్లో మాట మార్చాడు కదా, కాల్ రికార్డు ఉంటే దాచిపెట్టండి. ఇట్లా వదిలేస్తూ పోతే రేపు ఇంకో కుక్క.

ప్రొద్దుటూరు, పశువైద్యం చివరి ఏడాది

అమ్మా, నేనింకా విద్యార్థినే. చూడకుండా జబ్బు పేరు చెప్పడం తప్పు కాబట్టి చెప్పను, కానీ మీరు రాసినదాంట్లో నాకు కొన్ని గుర్తులు కనిపిస్తున్నాయి.

ముందు మీ రెండో ప్రశ్న. కాలు గుడ్డపేలికలా వేలాడుతున్నా, వంకర తిరిగినా, ముట్టుకుంటేనే కేక పెడుతున్నా, గంట గంటకూ వాపు పెరుగుతున్నా, పాదం చల్లబడినా రాత్రికి రాత్రి పరుగెత్తాలి. రెండు వెనక కాళ్లూ తూలుతున్నా, ఉచ్చ పోయలేకపోతున్నా అది కాలు సంగతి కాకుండా వెన్నుపూస సంగతి కావచ్చు, అప్పుడూ ఆగకూడదు. జున్ను తింటూ, గురక పెడుతూ, మధ్య మధ్య కాలు ఆనిస్తున్నాడంటే రేపు పొద్దుటి దాకా ఆగవచ్చు. ఈ రాత్రి మంచం, సోఫా ఎక్కనీయకండి. మెట్లు వద్దు. ఉచ్చకు ఎత్తుకొని పోయి ఎత్తుకొని రండి.

కట్టు వద్దు. పుత్తూరు కట్టు మీద నాకు కోపం లేదు, మా తాత చేయి కూడా అక్కడే అతికింది. కానీ ఏం దెబ్బ తిన్నదో తెలియకుండా ఇంత చిన్న కాలికి బిగించి కడితే పాదానికి రక్తం ఆడదు. నూనె మర్దన కూడా వద్దు. నొప్పి బాములు అసలే వద్దు, నాకేస్తాడు. చేయగలిగింది ఒకటే: ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి మోకాలి మీద పది నిమిషాలు, రోజుకు మూడుసార్లు. వాడు ఒప్పుకుంటేనే.

మందుల షాపాయన ఏ మాత్ర ఇచ్చాడో గానీ, డైక్లోఫెనాక్ అయితే దానికో కథ ఉంది. పశువులకు వాడే డైక్లోఫెనాక్‌ను మన దేశంలో 2006లో నిషేధించారు. ఆ మందు వాడిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. కుక్కకూ అది మంచిది కాదు. ఇది పరీక్షలో వచ్చే ప్రశ్న, అందుకే నోటికి ఉంది.

ఇక అసలు విషయం. అయిదారు అడుగులు మామూలుగా నడిచి, కాలు ఎత్తేసి, మళ్లీ ఏమీ ఎరగనట్టు దించడం చిన్న జాతుల్లో మోకాలి చిప్ప జారినప్పుడు ఎక్కువగా చూస్తాం. బావి గిలక మీద తాడు ఉంటుంది కదా. గిలక గాడి లోతుగా ఉంటే తాడు కుదురుగా ఉంటుంది. గాడి అరిగి చదునైతే పక్కకు జారుతుంది. తొడ ఎముక కింది చివర అట్లాంటి గాడి ఉంది, దాని మీద చిప్ప పైకీ కిందికీ ఆడుతుంది. చిన్న కుక్కల్లో చాలాసార్లు ఆ గాడి లోతు తక్కువ. చిప్ప లోపలి పక్కకు జారితే కాలు చాపలేదు, ఎత్తి పట్టుకుంటుంది. ఒకసారి వెనక్కి విదిలిస్తే చిప్ప గాడిలో పడుతుంది, మళ్లీ నడుస్తుంది. నాటకం కాదమ్మా, మీ ఆయనకు చెప్పండి.

అయితే మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు తెగినా, గోరు కోసుకుపోయినా, ఎముకలో సన్న చీలిక ఉన్నా కుంటుతుంది. చేత్తో పట్టి చూసి, ఎక్స్‌రే తీస్తే గానీ తేలదు.

మీరు రెండు పనులు చేసి పెట్టండి. పాత వీడియోల్లో వీడు పరుగెత్తేవి ఉంటే వెతకండి, మధ్యలో ఒక గెంతు కనిపిస్తుందేమో. ఇంకోటి, మీరు టైలరు కదా, టేపు తీయండి. వాణ్ణి ఇద్దరు పట్టుకొని తిన్నగా నిలబెట్టి, తొడ పైభాగానికీ మోకాలికీ సరిగ్గా నడిమధ్య, రెండు తొడలూ చుట్టుకొలత తీయండి. ఒకే బిగువుతో. బొచ్చు తీసేశారు కాబట్టి కొలతలో తేడా రాదు.

ఎర్రముక్కపల్లి టైలరమ్మ (సోమవారం పొద్దున)

అనంతపురం తమ్ముడూ, గోళ్లన్నీ చూశాను. నున్నగా ఉన్నాయి. మెత్తలు బాగున్నాయి. మాత్ర పారేశాను.

నాయనా ప్రొద్దుటూరు డాక్టరూ (అయిపోతావులే), కొలిచాను. కుడి తొడ ఎనిమిది అంగుళాలు. ఎడమ తొడ ఏడుంబావు. నమ్మలేక మళ్లీ కొలిచాను. మా ఆయన పట్టుకున్నది సరిగా లేదేమోనని పక్కింటి పిల్లను పిలిచి మూడోసారి కొలిచాను. ఏడుంబావే. ఇరవై రెండేళ్లుగా ఊరి ఆడవాళ్ల చేతులు కొలుస్తున్నా. కుడి చేతికీ ఎడమ చేతికీ పావు అంగుళం తేడా ఎవరికైనా ఉంటుంది. ముప్పావు అంగుళం ఉంటే ఆ చేతికి ఎప్పుడో ఏదో అయ్యుంటుంది. ఆ మాట నేను వాళ్లను అడగకుండానే చెబుతా.

వీడియో కూడా దొరికింది. సంక్రాంతికి మా అక్క పిల్లలు వచ్చినప్పుడు తీసింది. బంతి వెనక ఉరుకుతూ ప్రతి పది అడుగులకూ ఒకసారి ఎడమ కాలు ఎత్తి గెంతుతున్నాడు. వెనక నుంచి పిల్లలు "జున్ను తొక్కుడుబిళ్ల ఆడుతున్నాడు" అని నవ్వడం, నేనూ నవ్వడం అందులో వినిపిస్తోంది. మూడు నెలల కిందట. ఆ నవ్వు వినలేక సౌండు తీసేసి చూశాను.

అంటే ఇది నిన్న మొన్నటిది కాదా?

ప్రొద్దుటూరు, పశువైద్యం చివరి ఏడాది

కాదమ్మా. రెండు రోజుల్లో ముప్పావు అంగుళం కండ కరగదు. దానికి వారాలు పడుతుంది. వాడు చాలాకాలంగా ఆ కాలి మీద బరువు తగ్గించుకొని నడుస్తున్నాడు. నిండా బొచ్చు ఉండడంతో ఎవరికీ కనపడలేదు. శనివారం ఏదో జరిగి ఉండొచ్చు, లేదని నేననను. కానీ అప్పటికే ఆ మోకాలు వదులుగా ఉంది.

కడప నుంచి మైదుకూరు మీదుగా గంటన్నరలో మా కళాశాల ఆసుపత్రికి రావచ్చు. వచ్చేముందు ఫోన్ చేసి ఎక్స్‌రే ఆ రోజు తీస్తారా, ఖాళీ కడుపుతో తేవాలా అడగండి. కదలకుండా ఉండడానికి మత్తు ఇవ్వాల్సి వస్తే కడుపు నిండా అన్నం ఉండకూడదు. ఆ సంక్రాంతి వీడియో ఫోన్‌లో ఉంచుకోండి. ఆసుపత్రిలో భయంతో చాలా కుక్కలు కుంటడం మానేస్తాయి, మేం వాటి వెనక వరండాలో తిరుగుతూ ఉంటాం. వీడియో ఉంటే మాకు సగం పని తప్పుతుంది.

కర్నూలు గ్రూమర్

అక్కా, నేను నాలుగేళ్లుగా ఇదే పని చేస్తున్నా, కాబట్టి మా వాళ్ల వైపు నుంచీ రెండు మాటలు. వెనకేసుకు రావడానికి కాదు.

వెనక పాదం బొచ్చు తీసేటప్పుడు, గోళ్లు కోసేటప్పుడు కాలు ఎట్లా పట్టుకుంటారనేదే అసలు. నేర్చుకున్నవాడు కాలును పొట్ట కిందే ఉంచి, వెనక్కి కొద్దిగా చాపి పట్టుకుంటాడు. తొందర పడేవాడు పక్కకు ఎత్తుతాడు, మగ కుక్క చెట్టు దగ్గర ఎత్తినట్టు. ఎందుకంటే పక్కకు ఎత్తితే వాడికి బాగా కనపడుతుంది. బలమైన కుక్కకు ఏమీ కాదు. వదులు మోకాలున్నదానికి, ముసలిదానికి ఆ ఎత్తుడే చాలు. రోజుకు ఎనిమిది కుక్కలు చేస్తే చివరి రెండింటికి నాకే చేయి పక్కకు పోతుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి.

ఇంకోటి టేబుల్. రబ్బరు షీటు అరిగిపోయి ఉంటుంది, దాని మీద షాంపూ నీళ్లు. డ్రయ్యర్ మోతకు కుక్క వెనక్కి వెనక్కి పోతుంది, వెనక కాళ్లు చీలుకుపోతాయి. మెడకు తాడు ఉంటుంది కాబట్టి పడదు. "జారినాడు, పడలేదు" అన్నాడే, అది ఇదే అయ్యుంటుంది. ఆ పిల్లవాడు అబద్ధం ఆడినట్టు నాకనిపించడం లేదు, సగం చెప్పాడంతే.

అయితే మీరు కూడా, కోపం తెచ్చుకోకండి, వాణ్ణి షాపులో ఇచ్చేటప్పుడు, పరుగులో గెంతుతాడని చెప్పలేదు కదా. మీకే తెలియదు, సరే. నేనైతే కొత్త కుక్క వస్తే ముందు నేల మీద పది అడుగులు నడిపించి ఫోన్‌లో తీసుకుంటా. ఇచ్చేటప్పుడు మళ్లీ నడిపించి చూపిస్తా. చంకలో పెట్టి ఇచ్చేవాడి దగ్గర మీరే కిందికి దించమని అడగాలి.

పనిలో పనిగా ఇంకో మాట. స్పిట్జ్‌కు మిషను పెట్టి మొత్తం తీయించకండి. వాటిది రెండు పొరల బొచ్చు. లోపలి మెత్తటి పొర, పైన పొడుగు పొర. పై పొర ఎండ నేరుగా చర్మానికి తగలకుండా కాస్తుంది. మొత్తం తీసేస్తే చర్మం కమిలిపోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అక్కడక్కడా మచ్చలు మచ్చలుగా వస్తుంది. రాలే లోపలి బొచ్చు దువ్వెనతో తీసేస్తే చాలు. ఈ మాట చెబితే కస్టమర్లు పక్క షాపుకు పోతారు. అందుకే చాలామంది చెప్పరు.

నంద్యాల నుంచి

పాతది అయితే మాత్రం? ఉన్న జబ్బును ఎక్కువ చేసినా తప్పు తప్పే.

ఎర్రముక్కపల్లి టైలరమ్మ

నిజమే అన్నా. కానీ ఆ వీడియోలో నవ్వింది నేను. దాని మీద కేసు ఎవరు వేయాలి? ముందు వాడి కాలు చూపించుకొని వస్తా.

ఎర్రముక్కపల్లి టైలరమ్మ (బుధవారం)

నిన్న పోయి వచ్చాం. మా తమ్ముడి ఆటోలో, పొద్దున ఆరింటికే, ఎండ రాకముందు. దారిలో మైదుకూరు దగ్గర టీకి ఆగితే జున్ను నాలుగు కాళ్ల మీద చక్కగా నిలబడి తోక ఊపాడు. ఇంటికి మళ్లిద్దామా అనిపించింది. మా తమ్ముడు ఒప్పుకోలేదు.

నువ్వు చెప్పినట్టే నాయనా, ఆసుపత్రిలో వీడు కుంటనే లేదు. సిపాయిలాగా నడిచాడు. డాక్టరమ్మ రెండుసార్లు అటూ ఇటూ నడిపించి, "ఏం కుంటుతున్నాడమ్మా?" అంది. వీడియో చూపించాను. చూసి, నేల మీదే కూర్చుని ముందు మంచి కాలు పట్టింది. తర్వాత ఎడమది. బొటనవేలితో చిప్పను లోపలి పక్కకు నెట్టింది, పోయింది. కాలు చాపింది, టక్కుమని గాడిలోకి వచ్చింది. నా వేలు పట్టుకొని దాని మీద పెట్టి మళ్లీ చూపించింది. ప్రెస్ బటన్ హుక్కు పడ్డట్టు ఉంది. అది నేను చచ్చేదాకా మరిచిపోను.

ఎక్స్‌రే రెండు తీశారు, పక్కకు పడుకోబెట్టి ఒకటి, వెల్లకిలా ఒకటి. కొంచెం మత్తు ఇచ్చారు. ఎముక విరగలేదు. తుంటి బాగుంది. మోకాలిలో కొంచెం నీరు చేరింది. లిగమెంటు తెగిందేమోనని కింది ఎముకను ముందుకు లాగి చూశారు, కదలలేదు, కాబట్టి అది గట్టిగానే ఉందట. అసలు లిగమెంటు ఎక్స్‌రేలో కనపడదట, చేత్తోనే తెలుసుకోవాలట. చిప్ప జారడంలో నాలుగు గ్రేడులు ఉన్నాయని చెప్పింది. నెడితే పోయి దానంతట అదే వచ్చేది ఒకటి. అప్పుడప్పుడు దానంతట అదే జారి, కాలు చాపితేనో చేత్తో నెడితేనో వచ్చేది రెండు. ఎప్పుడూ బయటే ఉండి, నెడితే వచ్చి మళ్లీ పోయేది మూడు. ఎంత నెట్టినా రానిది నాలుగు. మావాడిది ఎడమ రెండు, కుడి ఒకటి. కుడిది కూడానా అని నేను నోరు తెరిస్తే, రెండు వైపులా ఉండడం మామూలేనంది.

ఆపరేషను ఇప్పుడు వద్దంది. మూడు, నాలుగు అయితే సాధారణంగా చేస్తారట. రెండులో అయితే నొప్పి ఎంత, ఎన్నిసార్లు ఎత్తుతున్నాడు అనేదాన్ని బట్టి. చేస్తే ఆ గాడిని లోతు చేస్తారట, చిప్ప కింద పట్టీలాంటి నరం (టెండన్ అంట) ఎముకకు అతుక్కున్న చోటును రొంత పక్కకు జరుపుతారట. వినడానికి సైడు కుట్టు విప్పి చంక సరిచేసినట్టే ఉంది గానీ, బట్ట అయితే అరవదు కదా.

అయిదు రోజులకు మెలాక్సికామ్ అని కుక్కలకిచ్చే నొప్పి చుక్కల మందు, బరువును బట్టి, రోజుకు ఒకసారి, అన్నం తిన్నాకే. వాంతి అయినా, విరేచనం నల్లగా అయినా ఆపేసి ఫోన్ చేయమంది. మూడు వారాలు పరుగు, దూకుడు, మెట్లు బందు. ఉచ్చకు కూడా తాడు కట్టే.

చివరికి కాటా మీద పెట్టింది. ఏడు కిలోల నాలుగు వందలు. అయిదున్నర నుంచి ఆరు ఉండాలంది. "ఏం పెడతారమ్మా?" అని అడిగితే పెరుగన్నం అన్నాను. మా తమ్ముడు పక్కనుంచి "పొద్దున ఉగ్గాని, అందులో నెయ్యి, జాకెట్లకు వచ్చినోళ్లందరూ తలా ఒక బిస్కెట్టు" అని బయట పెట్టేశాడు. డాక్టరమ్మ ఏమీ అనలేదు. అనకపోవడమే బాధగా ఉంది.

గ్రూమింగు వల్లనేనా అని నేనే అడిగాను. కాలు పక్కకు లాగినా, టేబుల్ మీద జారినా చిప్ప తప్పి మోకాలు బెణికి ఉండొచ్చు, సోఫా మీంచి దూకినా ఇదే జరిగేది, ఎప్పుడో ఒకప్పుడు బయటపడేదే అంది. అదీ ఇదీ అని తేల్చి చెప్పలేదు.

అనంతపురం, బ్రౌనీ వాళ్ల నాన్న

గట్టెక్కారు అక్కా. మీ ఇంట్లో నేల ఏంది? టైల్సా? మా వెటర్నరీ డాక్టరు మొదట అడిగేది అదే.

ఎర్రముక్కపల్లి టైలరమ్మ

టైల్స్ ఎందుకు తమ్ముడూ, కడపలో ఉండి? నల్లటి కడప బండలు. మా మామగారి కాలం నాటివి, పోయినేడు దసరాకు పాలిష్ పట్టించాను. అద్దంలో మొహం చూసుకోవచ్చు. జున్ను దాని మీద మలుపు తిరిగేటప్పుడు వెనక భాగం ఎప్పుడూ జారుతుంది. దానికీ నవ్వేవాళ్లం.

కర్నూలు గ్రూమర్

పట్టాలు వేయండి అక్కా, జారనివి. పాదాల కింద బొచ్చు పెరగనీయకండి, అది పెరిగితే బండ మీద మేజోళ్లు వేసుకొని నడిచినట్టే. గోళ్లు కూడా. పొడుగైతే పాదం వెనక్కి వాలి మోకాలి మీద భారం పడుతుంది.

ఎర్రముక్కపల్లి టైలరమ్మ (ఆరు వారాల తర్వాత)

కొందరు మెసేజ్ పెట్టి అడిగారు కాబట్టి రాస్తున్నా.

పట్టాలు నేనే కుట్టాను. గోనె సంచులు విప్పి, పైన పాత లైనింగు గుడ్డ వేసి, కింద సైకిల్ ట్యూబు ముక్కలు నాలుగు వరసలు పెట్టి కుట్టాను. మూడు సూదులు విరిగాయి. మంచం దగ్గర్నుంచి వంటింటి గడప దాకా, అక్కడి నుంచి నా మిషను దాకా దారి పరిచాను. మొదటి రెండు రోజులు జున్ను వాటిని చూసి భయపడి పక్కనుంచి బండ మీదే నడిచాడు. తర్వాత వాటి మీద తప్ప నడవడం లేదు. పట్టా లేని చోట ఆగి నన్ను పిలుస్తాడు. బిగించి పరవలేకపోతే నన్నే తిడతాడేమో.

మూడు వారాలు కూర్చోబెట్టడం కష్టమైంది, దాని గురించి ఎక్కువ చెప్పను. కత్తిరింపు బల్ల కింద చుట్టూ చీరల అట్టపెట్టెలు అడ్డం పెట్టి చోటు చేశాను. మొదటి వారం ఏడ్చాడు, రెండో వారం నిద్రపోయాడు, మూడో వారం రెండు అట్టపెట్టెలు కొరికేశాడు. తర్వాత తాడుతో నడక, పొద్దున అయిదున్నరకు, అయిదు నిమిషాల నుంచి మొదలు. ఇప్పుడు పదిహేను నిమిషాలు. మెల్లగా నడిస్తేనే నాలుగో కాలు కూడా ఆనిస్తాడు, తొందర చేస్తే ఎత్తేస్తాడు.

గోడకు "జున్నుకు ఏమీ పెట్టకండి" అని రాసి అంటించాను. ఇద్దరు కస్టమర్లకు కోపం వచ్చింది. ఉగ్గాని ఆపేశాం. మా ఆయన దొంగచాటుగా పెడుతున్నాడని నాకు తెలుసు. కూరగాయల కొట్టు కాటా మీద నిన్న ఆరు కిలోల ఏడు వందలు.

షాపుకు కూడా పోయాను. పోట్లాడదామని పోలేదు, పోట్లాడకుండా వద్దామనీ పోలేదు. పందొమ్మిది ఇరవై ఏళ్ల పిల్లవాడు. ఎక్స్‌రే చూపిస్తే మొహం మాడిపోయింది. కాలు పక్కకు ఎత్తాడా అని అడిగితే చేసి చూపించాడు, కర్నూలు తమ్ముడు చెప్పినట్టే. అట్లా పట్టుకోకూడదని వాడికి ఎవరూ చెప్పలేదట. టేబుల్ మీద రబ్బరు నడిమధ్య అరిగి తెల్లబడింది. ఎనిమిది వందలూ తీసి ఇచ్చాడు. నాలుగు వందలే తీసుకున్నాను. కటింగు బాగానే చేశాడు మరి. మిగతా దాంతో రబ్బరు కొనమన్నాను. కొన్నాడో లేదో చూడలేదు. నంద్యాల అన్నకు ఇది నచ్చదని తెలుసు.

చిప్ప ఇప్పటికీ జారుతోంది. వారంలో ఒకటి రెండుసార్లు ఎత్తుతాడు, ఒకసారి విదిలిస్తాడు, నడుస్తాడు. కొలత: ఎడమ ఏడున్నర, కుడి ఏడు ముప్పావు. కుడిది తగ్గింది చూడండి, అది కొవ్వు. బొచ్చు మళ్లీ వస్తోంది కాబట్టి టేపు కొంచెం అదిమి కొలుస్తున్నా. కర్నూలు తమ్ముడు అన్నట్టు నడుము మీద రెండు చోట్ల మచ్చలుగా వస్తోంది.

ప్రొద్దుటూరు, పశువైద్యం చివరి ఏడాది

అమ్మా, తేడా ముప్పావు నుంచి పావుకు వచ్చింది. చాలా మంచి సంగతి. మీ కొలతలు మా మేడమ్‌కు చూపించాను. "ఈ టేపు ఆమెను మన దగ్గరికి పంపించు" అంది. వారంలో రెండుసార్లు ఎత్తడం రోజుకు రెండుసార్లు అయినా, ఎత్తిన కాలు ఒక పూటంతా దించకపోయినా ఆలస్యం చేయకుండా రండి. చిప్ప జారే మోకాళ్లలో లిగమెంటు కూడా తెగే అవకాశం ఉంటుంది.

ఎర్రముక్కపల్లి టైలరమ్మ

వస్తా నాయనా. ఈలోపు ఇంకో పని పడింది. గోళ్లు పెరిగి, పట్టా దాటి బండ మీదికి వచ్చినప్పుడల్లా టకటకమంటున్నాయి. ఇంట్లో నేను కోయలేను, గుడ్డయితే ఎంతైనా కోస్తా. ఆదివారం ఆ షాపుకే తీసుకుపోతున్నా. కోసేంతసేపూ పక్కనే నిలబడి, ఆ వెనక కాలు నేనే పట్టుకుంటా.